చేదు గింజల వైద్యం

చేదు తింటే షుగర్ దిగుతుందని నమ్మిన తెలివైనవాణ్ణి నేను. నీళ్లు చేదే బావులన్నీ ఎండిపోయిన ఊళ్లో, రెండు పంటల పాటు చేదునే చేదుకుని తిన్నాను.

మా ఇళ్లల్లో చెనిక్కాయల, అంటే వేరుశెనగల, పంపకం ఎప్పుడూ ఒకటే. గట్టి గింజ మండీకి, మేలైనది విత్తనానికి, ముడుచుకుపోయి మచ్చపడింది మన కడుపుకు. కాయ పీకగానే వాన పడితే కుప్ప అడుగున బూజు పడుతుంది. ఆ గింజలతో నా భార్య నూరిన ఊరిమిండి పచ్చడి ఆమె నోట పెట్టలేకపోయింది. నేను మాత్రం సంగటిలోకి రోజూ అదే నంజుకున్నాను.

మూడో ఏడు ఆకలి చచ్చింది. కుడి డొక్క కింద బరువు. ఊరంతా పచ్చదనం కోసం మబ్బులకేసి చూస్తుంటే, అది కాస్తా నా కళ్లలోకి వచ్చింది.

స్కాన్ చూసి, కాలేయం గట్టిపడుతోందన్నాడు దగ్గర్లోని డాక్టరు.

"మందు తాగుతావా?"

"రెండు పూట్లా తాగుతా సార్," అన్నాను, మెంతుల కషాయం గురించి.

తర్వాత ఎంత మొత్తుకున్నా చీటీ మీద 'మద్యం మానాలి' అన్నది చెరగలేదు. నా భార్య తమ్ముడు అది చదివి చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "ఏం బావా, అక్కకు తెలీకుండా యాడ తాగుతాండావ్?" నా భార్య గడ్డివామిలో సీసాలు వెతికింది. దొంగ దొరికాడనుకున్నాక ఇంకో దొంగను ఎవరు వెతుకుతారు? తాగనిది మానుకుంటూ, తినేది తింటూ చిక్కిపోయాను.

చివరికి అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. కామెర్ల వైరస్‌లేవీ రక్తంలో లేవు. స్కాన్‌లో మాత్రం కాలేయం మీద గోరంత మచ్చ. అది గడ్డ అవునో కాదో అప్పుడే చెప్పలేనంది. నా భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మందు సంగతి వదిలెయ్యప్పా. దినామూ ఏం తింటావో చెప్పు," అంది డాక్టరమ్మ.

"సంగటి, చేదు ఊరిమిండి," అన్నాను గర్వంగా.

ఆమె కలం ఆగింది. "చెనిక్కాయ చేదు యాడుంటాదప్పా? ఆ గింజలు తీసుకురా."

మర్నాడు సంచిలో పట్టుకుపోయాను. గోటితో ఒక గింజ చీల్చింది. లోపల పసుపూ పచ్చా కలిసిన పొడి.

"మాది తనకల్లు పక్కన. మా నాయన గూడా ఇవే తింటాన్న్యాడు," అంది. ఆయన ఇప్పుడెలా ఉన్నాడని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. "ఈ బూజు విషం చేస్తాది. యేంచినా, ఉడకబెట్టినా పోదు. ఏండ్ల తరబడి సన్నంగా కాలేయాన్ని తింటాది. ఇదేనని ఒక్క పరీక్షతో తేల్చలేను గానీ, మిగతావన్నీ తీసేస్తే ఇదే మిగుల్తాండాది. ఇయ్యాల్నే ఆపు. మూడు నెల్లకు మచ్చ పెరిగిందో లేదో చూద్దాం."

ఆ మూడు నెలలూ నా భార్య ప్రతి గింజా ఏరి చూసిగానీ రోట్లో వెయ్యలేదు. రెండో స్కాన్ చూసి డాక్టరమ్మ, "మచ్చ అంతే ఉండాది, పెరగల్యా," అంది. గట్టిపడిన కాలేయం మళ్లీ మెత్తబడలేదు. ఆరు నెలలకోసారి ఇప్పటికీ చూపించుకుంటున్నాను. ఆకలి మాత్రం తిరిగొచ్చింది.

ఆ రెండో స్కాన్ అయిన వారంలోనే బుక్కరాయసముద్రంలో బావమరిది ఇంట్లో భోజనం. వడ్డించిన ఊరిమిండి నాలుక మీద పెట్టగానే చేదు. గిన్నె ఎత్తుకుపోయి పెరట్లో గుంత తీసి ఆ పచ్చడి పూడ్చేశాను.

"ఏమైంది బావా నీకు?" అంటూ వాడు వెంటపడ్డాడు. వాణ్ణి తప్పించుకుని లోపలికి పోయి, వాడి పెళ్లానికి నా కథంతా చెప్పాను, కళ్లు పచ్చబడిన ఘట్టం కాస్త నిదానంగా.

ఇప్పుడు ఆ ఇంట్లో వాడు ఏరిచ్చిన గింజలు తప్ప రోట్లో పడవు. మొన్న పోతే అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చేట ముందు కూర్చున్నాడు. దాదాపు అయిపోవచ్చింది. నేను లోపలికి వెళ్లి, ఇంకో చేటెడు తెచ్చి వాడి ముందు పోశాను.