ఎనిమిది హత్యల మరగతమ్మ

అపరాధ పరిశోధన నవలలు రాసేవాళ్ళు చాలామంది పిరికివాళ్ళే. ముదలియార్‌పేటలో బల్లి చప్పుడుకే ఉలిక్కిపడే మరగతమ్మ నలభై ఏళ్ళ కిందట అలాంటివి ఎనిమిది రాసింది. మద్రాసు ప్రచురణకర్త వాటిని ఏదో మగపేరుతో అచ్చువేసి, కొన్నాళ్ళకు దుకాణం కట్టేశాడు. ఎనిమిదింటిలోనూ చచ్చేది ఒకడే: ముక్కుపొడుం పీల్చి, వేళ్ళు పంచెకు తుడుచుకుని, మాటకు ముందు రెండుసార్లు దగ్గే మనిషి. అచ్చం ఆమె మొగుడు వీరాసామి. తెలిస్తే ఈ వయసులో ఇంట్లోంచి గెంటుతాడని ఆమె భయం. ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు గనుక ఇన్నాళ్ళూ బతికిపోయింది.

పాత పుస్తకాల గుట్టలో ఆ నవలలు దొరికితే, ప్రచురణకర్త కొడుకును అడిగి చిరునామా తెలుసుకుని, నందిత అనే అమ్మాయి మొన్న ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "మళ్ళీ అచ్చేస్తాం అవ్వా. చదివి రికార్డు కూడా చేసినాం. తాతా, మీరూ వినండి," అని ఫోను బల్లమీద పెట్టింది. మరగతమ్మ కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. వీరాసామి వింటూ వింటూ, పొడుం వేళ్ళు పంచె దాకా తెచ్చి ఆపేశాడు.

"ఏందే ఇది, వాడు నా మాదిరే ఉండాడే?"

మరగతమ్మ లేచి గబగబా వంటింట్లోకి పోతే, ఆయన నందిత వైపు తిరిగాడు.

"వాడు చచ్చేది ఎట్లమ్మా?"

"పెండ్లాం పులుసులో విషం కలుపుతుంది తాతా!" అంది నందిత హుషారుగా.

ఆ మధ్యాహ్నం మరగతమ్మ చేపల పులుసు వడ్డించింది. వీరాసామి కంచాన్ని చాలాసేపు చూశాడు. యాభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి, "శానా బాగుంది మరగతం," అన్నాడు, ఇంకా ముద్ద కలపకుండానే.