ఎలుగుబంటి బొమ్మ పేస్టు

టైలరు ఇంట్లో ఒక్కడే ఉంటాడు. అయినా బాత్రూమ్ అద్దం కింద గ్లాసులో రెండు బ్రష్షులుంటాయి, పక్కనే ఎలుగుబంటి బొమ్మున్న పిల్లల పేస్టు. భార్య విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కూతురు ఆమె దగ్గరే పెరుగుతోంది. సెలవులకి వస్తానంటుంది, ఏదో ఒకటి అడ్డం పడుతుంది. ట్యూబు గడువు దగ్గరపడితే పారేయడానికి మనసొప్పక, తనే తోముకుని అవగొట్టి కొత్తది తెచ్చిపెడతాడు. అంత మీసాలాయన ఆ తియ్యటి నురగ పుక్కిలిస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. చూసేవాళ్ళుంటే కదా!

చివరికి దవడ పన్ను పుచ్చింది. గుండుసూదులు నోట పట్టుకోవడం కూడా కష్టమై పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఏ పేస్టు వాడుతున్నారు?"

నేల చూపులు చూస్తూ, పాప పేస్టని చెప్పాడు.

"అదేంటండీ బాబూ! పిల్లలు మింగేస్తారని అందులో ఫ్లోరైడు తక్కువ వేస్తారు. మీ పళ్ళకి అదేం సరిపోతుంది? ఇంతకీ పాపకెన్నేళ్ళు?"

"తొమ్మిది."

"ఇంకేం! ఆరు దాటాక పెద్దవాళ్ళదే వాడొచ్చు. బఠాణీ గింజంత వేసి, ఉమ్మేయమని చెప్పండి చాలు. ఇద్దరికీ ఒకటే ట్యూబు."

ఇద్దరికీ ఒకటే ట్యూబు! పన్ను పీకించుకుని అంత సంబరంగా ఇంటికెళ్ళిన మనిషి మరొకడుండడు. దారిలో పెద్ద ట్యూబు కొన్నాడు. ఫోన్లో "తిన్నావా, చదువుకుంటున్నావా" అయిపోయాక అతనికెప్పుడూ మాటలు దొరకవు. ఇన్నాళ్ళకి తండ్రిగా చెప్పాల్సిన మాటొకటి దొరికింది. నోట్లో దూది ఉన్నా ఆగలేక ఫోన్ చేశాడు.

"చిట్టీ, ఇక పిల్లల పేస్టు మానెయ్యాలమ్మా. పెద్దపిల్లవయ్యావు."

"అది ఎప్పుడో మానేశాగా నాన్నా! డాడీ మార్పించారు. మంటగా ఉందని నేను ఏడుస్తుంటే రోజూ పక్కన నిలబడి తోమించేవారు."

టైలరు చేతిలోని కొత్త ట్యూబు పక్కన పెట్టేశాడు. ఊళ్ళో ఏ పిల్ల ఎంత పెరిగిందో టేపు పెట్టకుండానే చెప్పగలడు. తన పిల్లే మంటకి ఏడ్చి, అలవాటు పడి, ఏడుపు మానేసినా తెలియలేదు.

"మంచి పని చేశారమ్మా," అన్నాడు.

"నీ గొంతేంటి అలా ఉంది? ఏడుస్తున్నావా నాన్నా?"

"లేదమ్మా. నోట్లో దూది ఉంది."