ఎరుపెప్పుడు దిగుతది

తెలంగాణ కోసం రాస్తారోకో అని కోరుట్ల దాటినంక మా బస్సు ఆపిండ్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు మొదలుపెట్టిండ్రు. అందరు దిగిండ్రు. నేను దవాఖాన ఫైలు ఒళ్లె పెట్టుకొని అట్లనే కూసున్న. రెండు రోజుల సంది నాకు ముద్ద దిగుతలేదు.

పక్క సీటు పెద్దామె రెండు ఇస్తార్లల్ల పులిహోర తెచ్చి, ఒకటి నా ఫైలు మీదనే పెట్టింది.

"ఏం ఆపరేషన్ చెల్లె?"

"గర్భసంచిల కాన్సరట అక్కా. కడుపుల లింఫు బిళ్ళలన్ని తీస్తే కాళ్లు వాస్తయంటున్నరు."

"నాకు గదే అయ్యింది," అన్నది తినుకుంటనే. "సంచి మూతికాడ నీలం రంగు సూది ఇచ్చిండ్రు. రంగు ముందుగాల ఏ బిళ్ళలకు పోయిందో గవే తీసి పరీక్ష చేసిండ్రు. అవి మంచిగున్నయని తక్కినయి ముట్టలే."

చీర కుచ్చిళ్లు జానెడు లేపి సన్నటి కాళ్లు చూపెట్టింది. తర్వాత తనే నవ్వుడు మొదలుపెట్టింది.

"తెల్లారి మూత్రం ఆకుపచ్చగ అచ్చింది. గా సూది రంగేనని తెల్వది, సిరిసిల్లల ఇరవై ఏండ్లు నూలుకు రంగులేసిన గద, ఒంట్లకు ఇంకిన రంగంత దిగుతున్నదనుకున్న. బిడ్డా, ఎరుపెప్పుడు దిగుతది అని నర్సును అడిగిన."

నేను పులిహోర మొత్తం తిన్న. జగిత్యాలల ఆమె సిరిసిల్ల బస్సెక్కింది. పేరు గూడ అడగలే.

నా ఆపరేషన్ అయిన తెల్లారి, మంచానికి కట్టిన మూత్రం సంచిల ఆకుపచ్చ రంగు కనపడ్డది. కుట్లు గుంజుతున్నా నవ్వు ఆగలే. నర్సు గాబరపడి అచ్చింది.

"సిస్టర్, ఎరుపెప్పుడు దిగుతది?" అన్న.

ఆమె డాక్టర్ కోసం ఉరికింది.