గోడకెక్కిన మంచుకొండ

కొంప ముంచినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. ఒక్క డబ్బా గమ్ముతో కన్నతండ్రి నోరు మూయించినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. నవ్వుకోవడానికి మీకు పూర్తి అనుమతి ఉంది. నాకైతే సగానికి మించి నవ్వు రాదు.

యాకుత్‌పురాలోని మా ఇంట్లో టీవీ కంటే పెద్ద కాలక్షేపం ఒక బొమ్మ. ఐదు వందల అట్టముక్కలు కలిపితే ఒక మంచుకొండ, దాని కింద ఎర్రకప్పు ఇల్లు. అమ్మ ఆదివారం సంతలో గీచిగీచి బేరమాడి తెచ్చింది. సాయంత్రం చాయ్ తాగాక క్యారంబోర్డు మీద ముక్కలు పోసుకుని అమ్మ, బాపు, అక్క, నేను చుట్టూ కూర్చునేవాళ్లం. అంచులు అమ్మవి, ఆకాశం బాపుది. అంతా ఒకటే నీలం కాబట్టి అది మాకెవరికీ చేతకాదు. పూర్తయిన బొమ్మను ఒక్క రాత్రి ఉంచి, పొద్దున్నే అమ్మ తన చేత్తోనే చెరిపేసేది. "మల్ల మొదటికెల్లి" అనేది, అదేదో శుభవార్త అయినట్టు.

అమ్మ పోయాక బాపు మాట్లాడడం మానేశాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా ఇంజన్ల మోతను మించి కేకలేసిన మనిషి, "ఊఁ", "ఆఁ"లతో రోజంతా వెళ్లదీసేవాడు. క్యారంబోర్డు ముందు కూర్చుంటేనే నోరు విప్పేవాడు.

"గీ ముక్క జూడు, మీ అమ్మ బియ్యం డబ్బల దొర్కవట్టింది. గీ మూల కొరికింది నువ్వే. కొట్టబోతె మీ అమ్మ అడ్డమొచ్చింది."

వంద సార్లు విన్న కథలే. అయినా ఆ కాసేపు మా ఇంట్లో అమ్మ ఉన్నట్టే ఉండేది.

ఇక నా తెలివితేటలు చూడండి. ముక్కలు అరిగిపోతున్నాయి, రేపు ఒకటి పోతే బాపు ఏమైపోతాడని నాకు ఫికరు పట్టుకుంది. బొమ్మ పూర్తయిన మర్నాడు బాపు సైదాబాద్‌లో ఉన్న అక్క ఇంటికి వెళ్లాడు. ఇదే అదనని గమ్ము తెచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"బాపును అడిగినవా తమ్మీ? ఈడనే కూసున్నడు, ఫోనియ్యాల్నా?"

"వద్దక్కా. అడిగితే సర్‌ప్రైజ్ ఎట్లయితది?"

"నీ సర్‌ప్రైజ్ పాడుగాను."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగకుండానే పెట్టిన మహానుభావుణ్ణి నేను, పెట్టింది మాత్రం గమ్ము. అద్దమూ బంగారు రంగు ఫ్రేమూ కట్టించి, ముందుగదిలో అమ్మ ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించాను. ఖాళీ గోడ అక్కడే ఉంది మరి.

బాపు వచ్చి చూశాడు. నేను మెచ్చుకోలు కోసం పళ్లికిలించుకుని నిలబడ్డాను.

"మస్తుగున్నది బిడ్డా," అన్నాడు. క్యారంబోర్డు వాల్చి, "ఇగ దించు. చాయ్ తాగి మల్ల మొదలువెడ్దాం."

"దించొచ్చు గని బాపూ, ముక్కలు ఊడయి. గమ్ము వెట్టిన."

"ఎన్కకెల్లి గూడనా?"

"ఎన్కకెల్లి గూడ. గట్టిగుండాలని రెండుసార్లు రాసిన."

"ఊఁ," అన్నాడు బాపు.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాది కోతి దాకా కూడా రాలేదు, నేరుగా నిమజ్జనమే. ఫ్రేము విప్పి వేడినీళ్ల గుడ్డ వేశాను, చాకు దూర్చాను. కొండ మీది మంచు లేచొచ్చింది గాని ఒక్క ముక్కా కదల్లేదు. మళ్లీ గోడకే ఎక్కించి, కొత్త బొమ్మ కొనుక్కొచ్చాను. బాపు నా మర్యాదకు నాలుగు ముక్కలు కలిపి, "గీటిని మీ అమ్మ ముట్టలె గదరా," అని లేచిపోయాడు. ఆ తర్వాత సాయంత్రాలు కూడా "ఊఁ", "ఆఁ" అయిపోయాయి. బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను.

ప్రతి శుక్రవారం బాపు అమ్మ ఫొటోకు బజారు నుంచి ఒక పూలదండ తెస్తాడు. ఆ శుక్రవారం సంచిలోంచి రెండు తీశాడు.

"రెండెందుకు బాపూ?"

ఒకటి అమ్మకు వేశాడు. రెండోది మంచుకొండకు వేసి, వంకర లేకుండా సర్దాడు.

"ఫ్రేము గట్టినంక దండ ఎయ్యకుంటె ఎట్ల బిడ్డా," అన్నాడు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో గమ్ము డబ్బా ముట్టను, మేకు కొట్టను, ప్రాణమున్న దేనికీ ఫ్రేము కట్టించను.