అందరూ ముక్కలు పడేశాక

నాకు వారంలో సెలవు మంగళవారం. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో షిఫ్టులు చేసేవాళ్ళకి ఆదివారమంటే క్యాలెండర్లో ఎర్రగా కనిపించే అంకె, అంతే. మంగళవారం శంషాబాద్‌లో నాకు తెలిసినవాళ్ళందరికీ పని ఉంటుంది. కిందవాటా వాళ్ళు కూడా తాళం వేసుకుని షాపుకి పోతారు. బట్టలు ఆరేసి, నా ఒక్కదానికీ ఇంత వండుకుని తింటే ఇక చేసేదేమీ లేదు. ఆ ఖాళీలోకి ఫోన్లో ఆడే పేకాట, పోకర్ వచ్చింది.

డబ్బుల ఆట కాదు. అది ఇక్కడ కుదరదు, మాకు ఆ సరదా కూడా లేదు. ఉత్త చిప్సే, డబ్బుకి బదులు ఫోన్లో కనిపించే బిళ్ళలు. అయిపోతే యాప్ మళ్ళీ ఊరికే ఇస్తుంది. మా ఆఫీసులో ఒక సీనియర్ ఉండేది, మహేశ్వరం మనిషి. అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులతో ఉద్యోగం మానేస్తూ, ఆరుగురం ఫోన్లలో ఆడుకునేట్టు ఒక టేబుల్ పెట్టించింది. "ఎవలింట్ల వాళ్లు కూసోని ఆడుదాం. గిట్లనన్న ఒకలకొకలం యాదికుంటం" అంది. నా సెలవు చూసే మంగళవారం మధ్యాహ్నం పెట్టింది. మిగతావాళ్ళు పొద్దుటి షిఫ్టు దిగి చేరేవాళ్ళు.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ముక్కలు పంచకముందే ఇద్దరు కొన్ని చిప్స్ పెట్టాలి. సగం పెట్టేవాళ్ళది స్మాల్ బ్లైండ్, పక్కన పూర్తిగా పెట్టేవాళ్ళది బిగ్ బ్లైండ్. ఈ వంతు అందరికీ తిరుగుతుంది. తర్వాత తలా రెండు ముక్కలు వస్తాయి. నచ్చనివాళ్ళు పడేసి తప్పుకుంటారు. అలా అందరూ తప్పుకుంటే వంతు స్మాల్ బ్లైండ్ దగ్గరికొస్తుంది. మిగిలింది ఇద్దరే. ముక్కలు పడెయ్యడమో, పందెం పెంచడమో, మిగతా సగం కలిపి ఊరుకోవడమో, ముందు నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

నేను పడేసేదాన్ని. ఆసూ రాజూ జంటగా వస్తే తప్ప కదిలేదాన్ని కాదు. మరీ మొహమాటం వేస్తే సగం కలిపి కూర్చునేదాన్ని. ఆటలో నా పక్క సీటు అక్కది, నేను స్మాల్ బ్లైండైతే ఆవిడ బిగ్ బ్లైండ్. నా వాలకం చూసి ఆవిడకి ఒళ్ళు మండి, ఒకరోజు ఫోన్ చేసి మరీ తిట్టింది.

"అందరు లేచిపోయిన్రు. నీ ముంగట నేనొక్కదాన్నే ఉన్న. ఇగ ముక్కలకు గన్ని వంకలు పెడతవేంది? ఆసుంటే పక్కన ఏదున్నా పెంచు. రాజున్నా పెంచు. చిన్నయి వరుసగ ఒక్క రంగుల వస్తే అవి గూడ పెంచు. లేకుంటే పారెయ్. సగం ఏసి నా మొఖం సూసుకుంట కూసోకు."

"మీ దగ్గర పెద్ద ముక్కలుంటే?"

"ఉంటే ఉంటయ్. పోయేటివి చిప్సే గద!"

నేను 'మీరు' అనడం కూడా ఆవిడకి గిట్టదు. మాది గుంటూరు వైపు. పిలవని పేరంటానికి పోకూడదని మా అమ్మ నా చిన్నప్పుడే నూరిపోసింది. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత మాత్రం చెప్పడం మరిచిపోయినట్టుంది.

టేబుల్ మెల్లగా పల్చబడింది. ఒకరికి పెళ్ళయింది, ఒకరు బెంగళూరు మారారు, ఇద్దరు ఏ కారణమూ లేకుండా మానేశారు. అక్కా నేనూ మిగిలాం. ఆరుగురున్నప్పుడు స్మాల్ బ్లైండ్ ఎప్పుడోగాని రాదు. ఇద్దరే అయితే ఆట విడిచి ఆట అదే. మంచి ముక్కల కోసం కాచుకుని కూర్చుంటే కుదరదు. ఏడూ నాలుగూ వచ్చినా పెంచడం నేర్చుకున్నాను. ఒక్కోసారి గెలిచేదాన్ని కూడా. ఆ మధ్యాహ్నాల విలువ అప్పట్లో తెలియలేదని అబద్ధమాడను. తెలుసు. సోమవారం ఆఫీసులో ఉండగానే ఎదురుచూడటం మొదలుపెట్టేదాన్ని.

ఒక మంగళవారం అక్క రాలేదు. ఒక్కరే ఉంటే యాప్ ముక్కలు పంచదు. ఇంకొకరి కోసం చూస్తున్నామని రాసి ఊరుకుంటుంది. నేనూ దానితో పాటు చూశాను. ఆ పై వారమూ రాలేదు, ఆ పై వారమూ రాలేదు. వాట్సాప్‌లో మాత్రం కనిపిస్తూనే ఉంది. "బాగున్నారా" అని రాసి చెరిపేశాను. శంషాబాద్ మొత్తం మీద పనేమీ లేకుండా నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. ఫోన్ చేస్తే 'ఇగ చాలు' అంటుందేమోనని భయం. అడగకపోతే ఆ మాట వినే పని ఉండదు కదా.

చివరికి ఇంట్లో కూర్చోలేక మహేశ్వరం బయల్దేరాను. తుక్కుగూడ దాకా ఒక ఆటో, అక్కణ్ణుంచి ఇంకొకటి. దారంతా జొన్నచేలకి బదులు ప్లాట్ల హద్దురాళ్ళు. ఊళ్ళో అడుగుతూ అక్క ఇంటి గేటు దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి నవ్వులు. వరండాలో చాప మీద నలుగురు ఆడవాళ్ళు రమ్మీ ఆడుతున్నారు. మధ్యలో అక్క, కాళ్ళు బారజాపుకుని, ముక్క నేలకేసి కొడుతోంది. ఆవిడ క్షేమంగా ఉందని సంతోషం, ఇంత బాగా ఉందని కోపం, రెండూ ఒకేసారి వచ్చాయి.

"అగో! తొవ్వ తప్పినవా?" అంది.

"ఆటకి రావడం మానేశారేం?" అన్నాను, నవ్వుతున్నట్టే.

"ఇద్దరితోని ఏం ఆటనే అది? ఫోన్ల బొమ్మను సూసుకుంట కూసునుడు. ఒక్కదానివే పరేషాన్ అయితవని నీ కోసం వచ్చిన గన్ని దినాలు. ఇగ నాతోని కాలే."

"ఆ మాట నాకు చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పాలె? బోనాలకు రమ్మన్న, దసరాకు రమ్మన్న. 'చూస్తానక్కా' అంటవ్, రావు. సరే, పోనీ. నీ రూముకు నన్ను ఒక్కపారన్న రమ్మన్నవా?"

పిలవలేదని ఇన్నాళ్ళూ నా మనసులో ఉక్రోషం. పిలిచింది. మా వైపు గడప దగ్గర నిలబడి 'భోంచేసి వెళ్ళండి' అన్నట్టు, అదీ ఒక మర్యాద మాటే అనుకున్నాను. ఆవిడ నిజంగానే రమ్మందని నాకు తట్టలేదు. మిగతా ముగ్గురూ ముక్కలు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను.

"వచ్చే మంగళవారం మా ఇంటికి రండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏం వండుతవ్?"

"ఏం కావాలంటే అది."

"పప్పుచారు చెయ్. ఈ మోకాళ్ళతోని నీ మెట్లెక్కాలె. జర మంచిగుండాలె మరి" అని, చాప మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వంట గురించి ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది, నా గదిలో కంచం ఒక్కటే ఉందని. ఇన్నేళ్ళలో రెండోదానితో పని పడలేదు. శంషాబాద్‌లో దిగి నేరుగా స్టీలు సామాన్ల షాపుకి వెళ్ళాను. కంచం ఒకటి కావాలన్నాను.

"ఒక్కటేనా అక్కా? ఒక్కటి ఎవలు కొంటరు? సెట్టు తీస్కోరాదు" అన్నాడు షాపతను.

"ఒక్కటి చాలు" అన్నాను. "నాకొకటుంది."