ఆరో గప్పీ

చేపల సంగతి అంకమ్మరావుకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడివాడ దగ్గర ముప్పై ఏళ్లు చేపల చెరువులు చేశాడు. గట్టు మీంచి నీళ్ల రంగు చూసి లోపల శీలావతి చేపలకి ఏం తక్కువైందో చెప్పేసేవాడు. అలాంటి మనిషి, బందరులో సొంతింట్లో, రెండడుగుల గాజు తొట్టి ముందు తెల్లమొహం వేశాడంటే చూడండి మరి!

తొట్టి తెచ్చింది భార్య అన్నపూర్ణ కోసం. ఆవిడ జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది, ఇక నడవాలమ్మా అన్నాడు డాక్టరు. మళ్లీ పడతానేమోనని ఆవిడకి భయం. వాకర్ గోడకి ఆనించి, మంచం దిగనంటే దిగనని మొండికేసింది. రెండు నెలలుగా గోడకేసి తిరిగి పడుకుంటోంది. అంకమ్మరావు అది చూడలేక, కాస్త మనసు మళ్లుతుందని మంచానికెదురుగా తొట్టి పెట్టి, ఇరవై గోల్డ్ ఫిష్‌లు వేశాడు.

వారంలో సగం చచ్చి తేలాయి. మళ్లీ తెచ్చాడు, మళ్లీ తేలాయి.

"ఏవండీ, పొద్దున్నే ఈ చావులు చూడలేను. తీసి అవతల పారేయండి," అని ఏడ్చింది అన్నపూర్ణ.

"ఇదొక్కసారి చూద్దాం పూర్ణా," అని బతిమాలుకుని, కోనేరు సెంటర్ పక్క సందులో రంగుచేపలమ్మే ఇమాంబీ కొట్టుకి వెళ్లాడు. ఆవిడ చేపలు చూపించే ముందు ఆరాలు తీస్తుంది.

"మేత ఏం వేస్తున్నారు బాబాయ్‌గారూ?"

"ఏముందమ్మా, తవుడూ వేరుశనగ చెక్కా కలిపి మూట కట్టి వేలాడదీశా."

చెరువులో గెడలకి మేత నింపిన చిల్లుల సంచులు కట్టినట్టే, గుడ్డమూట కట్టి తొట్టిలో దించాడు మహానుభావుడు!

ఇమాంబీ నెత్తి కొట్టుకుంది. "నాలుగు బిందెల నీళ్లకి మూటెడు మేతా? కుళ్లి విషమైపోదూ! పైగా గోల్డ్ ఫిష్ పెద్దదవుతుంది, ఆ తొట్టి చాలదు."

"అయితే చిన్నవి యాభై ఇవ్వు."

"ఆరు గప్పీలు చాలు. అన్నీ మగవే. ఆడవి కలిస్తే పిల్లలతో తొట్టి నిండిపోతుంది. మన బోరునీళ్ల ఉప్పదనానికి ఇవి తట్టుకుంటాయి."

"ఆరేనా! ఎంత బరువు తూగుతాయి?" అలవాటు కొద్దీ అడిగేశాడు.

"కాటాకేసి అమ్ముతారా ఏం?" అని నవ్విందావిడ.

అంకమ్మరావుకి సిగ్గేసింది. ఇన్నేళ్లూ లారీ ఎక్కించడానికే పెంచాడు. ఊరికే బతికుండాలని ఒక్క చేపనీ పెంచలేదు.

నీళ్లు బాగుచేసే క్రిములుంటాయంటూ తన తొట్టి ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క చేతికిచ్చి, ముందు రెండే వేయమంది ఇమాంబీ. అవి నిలబడ్డాక మిగతా నాలుగూ తెచ్చుకున్నాడు. మేత డబ్బా మాత్రం అన్నపూర్ణ తలగడ కింద దాచేసింది. "మీ చేతికిస్తే మళ్లీ మూట కడతారు," అంది. రోజూ చిటికెడు తీసిస్తే ఆయన వేసేవాడు. పొద్దున్నే కళ్లు తెరవగానే ఆరూ ఉన్నాయా అని ఆవిడే లెక్క చూసేది.

నెల దాటింది. ఓ ఉదయం ఆయన వంటింట్లో కాఫీ కలుపుతుంటే కేక వినబడింది.

"ఏవండీ! ఐదే ఉన్నాయి!"

అంకమ్మరావు గ్లాసుతోనే పరిగెత్తాడు.

మంచం మీద అన్నపూర్ణ లేదు. తొట్టి బల్ల పట్టుకుని, వంగి, నీళ్లలోని మొక్క వెనక్కి తొంగి చూస్తోంది.

"ఇదిగో, ఆకు చాటున నక్కింది దొంగవెధవ! ప్రాణం పోయిందనుకోండి నాకు!"

వాకర్ గోడకి ఆనించినట్టే ఉంది.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం?" అంటూ ఆయన చూపు వెంటే తన పాదాల వైపు చూసుకుంది అన్నపూర్ణ. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన పట్టుకోబోయాడు.

"ఉండండి," అందావిడ. "నేనే వస్తాను."