గిర్ని ఆగితే వచ్చే అవ్వ

మా గల్లీలో పిండి గిర్ని ఆగిందంటే కరెంటు పోయిందని లెక్క. మొన్న పొద్దున గిర్ని ఆగింది, మా ఇంట్లో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. పక్కింటి అవ్వ పోయిందని గిర్ని అతను తనే ఆపేశాడట. ఆ మాట విని కూడా నేను బియ్యం ఏరుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు, ఎందుకో తెలియదు.

మా బాపు బోధన్‌లో చెరుకు బండ్లు తూకం వేసేవాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్ నుంచి మాట లేకుండా, మెడ మీద ఒక రంధ్రంతో వచ్చాడు. ఊపిరి ఆ రంధ్రంలోంచే. కఫం అడ్డం పడితే గుంజి తీసేందుకు ఒక కరెంటు మిషను తెచ్చుకున్నాం. కరెంటు పోతే అక్కరకొస్తుందని డాక్టరు కాలితో తొక్కే పంపు కూడా ఇప్పించాడు. దానికి తొక్కే మనిషి ఒకరు, గొట్టం పట్టే మనిషి ఒకరు కావాలి. బాపుకు లేచి కూర్చునే సత్తువ లేదు. అమ్మ ఎప్పుడో పోయింది. ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. మా ఊరి కరెంటు సంగతి మీకు వేరే చెప్పాలా?

అవ్వను ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. "కరెంటు వస్తది పోతది. నేనేడ పోతనే?" అంది. వాళ్లింట్లో ఉన్నది కందిలి దీపమే, కరెంటు లేదు. అందుకని గిర్ని చప్పుడు మీద ఒక చెవి పెట్టి ఉండేది. అది ఆగితే బీడీల చాట చంకన పెట్టుకుని వచ్చేసేది. తంబాకు మాత్రం ఇంట్లోనే వదిలేసేది, ఆ ఘాటుకు బాపుకు దగ్గొస్తుందని. మంచం అంచున కూర్చుని, ఒళ్లో చాటలో ఆకు కత్తిరిస్తూ, కాలితో పంపు తొక్కేది. గొట్టం పట్టి నేను ఆమె కాలి దిక్కు చూస్తుంటే, "నా దిక్కు సూడకు, బాపు దిక్కు సూడు" అనేది.

గిర్ని అతను గిర్ని ఆపి బువ్వకు పోయినా అవ్వ వచ్చేది. కరెంటు ఉందవ్వా అన్నా నమ్మేది కాదు, ఫ్యాను చూస్తే గానీ. చూశాక వెంటనే పోయేదీ కాదు, చాయ్ తాగేదాకా కూర్చునేది. నాకు ఒక్కోసారి విసుగొచ్చేది.

కుడికాలి వెండి కడియం పంపుకు తగులుతోందని సబ్బు రాసి తీసి, మంచం కోడుకు తొడిగింది. తీసుకుపో అవ్వా అంటే, "ఉండనియ్ బిడ్డా, మల్ల తీసుడే గదా" అనేది. ఒంటి కడియంతోనే బజారంతా తిరిగేది. బాపుకు కాస్త ఓపిక వచ్చాక, తానే తొక్కుతానని సైగ చేశాడు. అవ్వ ఆయన కాలు మీద ఒక్కటి వేసింది. బాపు ఇన్నేళ్లు ఊపిరి పీల్చాడంటే అందులో సగం ఆమె పుణ్యమే.

మొన్న అవ్వకు ఆఖరి స్నానం చేయించేటప్పుడు, కోటగిరి నుంచి వచ్చిన అవ్వ కూతురు తల్లి కాళ్లు చూసింది.

"ఇంకో కడెం ఎవరు తీసిండ్రు?"

నేను చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నాను. వాకిట్లో కూర్చున్న బాపుకు ఆ మాట వినబడింది. మా ఇంటికి పోయి కడియం తెచ్చి, బయటికి వచ్చిన ఆమె చేతిలో పెట్టాడు. తన మెడ చూపించాడు. తర్వాత కుడికాలితో నేలను తొక్కి చూపించాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది. మళ్లీ బాపు చేతిలోనే పెట్టింది.

"గాడనే ఉండనియ్యుండ్రి" అంది.

ఇవాళ పొద్దెక్కాక గిర్ని ఆగింది. ఫ్యాను కూడా ఆగింది. బాపు గొంతులో గరగర మొదలైంది. నేను గొట్టం పట్టుకుని వాకిలి దిక్కు చూస్తూ నిలబడ్డాను. బాపు కూడా అటే చూశాడు. తర్వాత మెల్లగా మంచం అంచుకు జరిగి, అవ్వ కూర్చునే చోట కూర్చుని, పంపు మీద కాలు పెట్టాడు. తొక్కినప్పుడల్లా మంచం కదిలి, కోడుకున్న కడియం కొయ్యకు తగిలి టక్కుమంటోంది.